కొండ వాలు మీద గీతలు



కిందటి నెల మనం చెరువు తూము గురించీ, అలుగు గురించీ చెప్పుకున్నాం. నీళ్ళను ఎక్కడ ఆపాలో, ఎప్పుడు వదలాలో మన పెద్దలకు ఎంత బాగా తెలుసునో చూశాం. ఈ నెల చాలా దూరం పోదాం. అక్కడివాళ్ళు కాలవలు తవ్వింది నీళ్ళను ఆపడానికి కాదు. ఒక్క చోట కూడా నిలవనీయకుండా పారించడానికి.

ఇంగ్లండు పటం తీసి చూడండి. దాని నైరుతి మూల పొడుగాటి కాలులాగా సముద్రంలోకి చాచుకుని ఉంటుంది. ఆ కాలు మీద, ఉత్తరపు ఒడ్డున ఎక్స్‌మూర్ అనే కొండసీమ ఉంది. ఎక్కువ భాగం సోమర్సెట్ జిల్లాలోనూ, మిగిలింది డెవన్ జిల్లాలోనూ ఉంటుంది. ఇవి పెద్ద కొండలేమీ కావు. అన్నిటిలోకీ ఎత్తైన డంకరీ బీకన్ 519 మీటర్లే. మన తిరుమల కొండ దానికన్న ఎత్తు. అయినా గాలి మాత్రం ఎముకలు కొరికేలా వీస్తుంది. పైన పొదలూ బీళ్ళూ, మధ్య ఇరుకైన లోయలు, ఆ లోయల వాలుల మీద పచ్చిక పొలాలు, పొలాల నిండా గొర్రెలు. 1954లో ఈ సీమను నేషనల్ పార్కుగా ప్రకటించారు.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. మిట్టమధ్యాహ్నం ఆ వాలుల వైపు చూస్తే పచ్చగడ్డి తప్ప మరేమీ కనిపించదు. అదే చలికాలం సాయంకాలం, సూర్యుడు బాగా కిందికి వాలినప్పుడు చూస్తే, గడ్డిలో నుంచి సన్నని నీడగీతలు లేస్తాయి. ఒకదాని కింద ఒకటి, మూడు, నాలుగు, అయిదు. కొండ ఎలా వంపు తిరిగితే గీత కూడా అలాగే తిరుగుతుంది. పైకి ఎక్కదు, కిందికి జారదు. భూగోళం పుస్తకంలో కొండ బొమ్మ మీద కాంటూరు రేఖలు చూశారు గదా? ఎవరో ఆ రేఖల్ని నిజం కొండ మీదనే గీసినట్టు ఉంటుంది.

గొర్రెలు నడిచిన దారులేమో అంటారా? మంచి ఊహే. గొర్రెలు మేస్తూ మేస్తూ వాలు మీద చిన్న చిన్న మెట్లు తొక్కేస్తాయి. కాని ఆ మెట్లు పొట్టివి, వంకరటింకరవి, చాలా దగ్గర దగ్గరగా ఉంటాయి. మన గీతలు అలా కాదు. ఒక్కొక్కటీ తెగకుండా చాలా దూరం పోతుంది. అంతే కాదు, దాన్ని పట్టుకుని వెనక్కి నడుస్తూ పోతే ఒక ఊట దగ్గరకో, వాగు ఒడ్డుకో చేరుకుంటాం. గొర్రెలకు ఆ నియమం ఉండదు, నీళ్ళకే ఉంటుంది.

అవును, ఇవి పూడిపోయిన కాలవలు. పచ్చికకు నీళ్ళు పెట్టిన కాలవలు.

ఇప్పుడు మీలో తెలివైన వాళ్ళు ఒక ప్రశ్న వేయాలి. "మాస్టారూ, ఇంగ్లండులో ఎప్పుడూ వాన పడుతూనే ఉంటుందంటారు. అందులోనూ కొండల మీద మరీ ఎక్కువ. వాన నీళ్ళతో నానుతున్న గడ్డికి మళ్ళీ నీళ్ళు పెట్టడం ఎందుకు?" అని. పైగా వాళ్ళు నీళ్ళు పెట్టింది ఎండాకాలంలో కాదు, చలికాలంలో!

జవాబు మీ ఊరి బావిలోనే ఉంది. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున బావిలో నీళ్ళు తోడితే గోరువెచ్చగా తగులుతాయి. ఒక్కోసారి పొగలు కూడా లేస్తాయి. పక్కనే తొట్టిలో రాత్రంతా నిలవున్న నీళ్ళు మాత్రం చెయ్యి పెడితే జిల్లుమంటాయి. భూమి లోపల వేడి ఏడాది పొడుగునా ఇంచుమించు ఒక్క తీరుగానే ఉంటుంది. పైన ఎండ కాస్తే బావినీరు మనకు చల్లన, చలి వేస్తే వెచ్చన. మారింది గాలే గాని నీళ్ళు కావు.

ఎక్స్‌మూర్ ఊటలూ అంతే. మంచు కురిసే జనవరిలో కూడా నేలలో నుంచి 8, 10 డిగ్రీల వేడితో పైకి వస్తాయి. మనకది గడ్డకట్టే చలి; గడ్డికి మాత్రం పండగ. నేల వేడి 5, 6 డిగ్రీలకు తగ్గితే గడ్డి ఎదగడం మానేస్తుంది. చచ్చిపోదు, నిద్రపోతుంది. అటువంటి గడ్డి వేళ్ళ మీదుగా ఊటనీరు పలచగా, దుప్పటి కప్పినట్టుగా పారుతూ ఉంటే నేల గడ్డకట్టదు. ఊరంతా తెల్లగా మంచు పట్టి ఉన్నప్పుడు ఆ ఒక్క వాలూ పచ్చగా ఉంటుంది. మన కాలవలు పైరు దాహం తీరుస్తాయి. ఆ కాలవలు గడ్డికి చలి కాచేవి.

సరే, కొన్ని వారాలు ముందుగా గడ్డి మొలిస్తే వచ్చే లాభమేమిటి?

ఇది తెలియాలంటే మార్చి నెలలో ఒక గొర్రెల కాపరి ఇల్లు ఎలా ఉండేదో తెలియాలి. వేసవిలో కోసి దాచిన ఎండుగడ్డి నవంబరు నుంచీ తింటూ వచ్చారు. కొట్టంలో ఇక అడుగూ బొడుగూ మిగిలి ఉంటుంది. కొత్త గడ్డి రావాలంటే ఏప్రిల్ రావాలి. సరిగ్గా ఆ మధ్యలోనే గొర్రెలు ఈనుతాయి. తల్లికి మేత లేకపోతే పాలు పడవు. పాలు లేకపోతే పిల్ల ఆ చలిలో రెండు రోజులు కూడా బతకదు. కొట్టంలో గడ్డి ఎన్ని గొర్రెలకు సరిపోతే అన్ని గొర్రెలనే ఆ రైతు పెంచగలడు. ఆ కరువు వారాల్లో నాలుగెకరాల పచ్చని మేత ముందుగా దొరికిందంటే మంద మొత్తం నిలబడుతుంది. సంవత్సరానికి మూడు నాలుగు వారాల పచ్చిక కోసమే ఇంత పని చేశారు. మీ ఇంట్లో పాడి ఉంటే మీ అమ్మగారిని అడిగి చూడండి. ఎండాకాలం చివర గడ్డివాము తరిగిపోయాక, తొలకరి పడేదాకా ఒక్కొక్క రోజు ఎంత పొడుగ్గా ఉంటుందో ఆమె చెబుతారు.

ఇక ఆ కాలవలు ఎలా తవ్వేవారో చూద్దాం. వాటిని అక్కడ గట్టర్లు అనేవారు. మన పట్నాల్లో గట్టరంటే మురుగు కాలవ గనుక మీరు ముక్కు మూసుకోనక్కరలేదు. ఇవి శుభ్రమైన నీళ్ళవే. వెడల్పు సుమారు మూరెడు, లోతు జానెడు. వాలు మీద ఎత్తైన చోట ఊట గాని, వాగు గాని చూసుకుని అక్కడ నుంచి మొదటి గట్టరు తీస్తారు. అది కొండ నడుముకు మొలతాడు కట్టినట్టుగా అడ్డంగా పోతుంది. నీరు ముందుకు నడవడానికి చాలినంత అతి స్వల్పమైన వాటం మాత్రమే ఇస్తారు. గట్టరు నిండగానే నీరు దాని కింది గట్టు అంచు మీదుగా పొర్లుతుంది. మన చెరువుకు అలుగు ఒక్క చోట ఉంటుంది. ఇక్కడ కాలవ ఈ కొస నుంచి ఆ కొస వరకూ అంతా అలుగే! పొర్లిన నీరు గడ్డి మీద పలచని పొరలాగా దిగజారుతుంది.

కాని నీటికి ఒక గుణం ఉంది. వాలు మీద ఎంత సమంగా వదిలిపెట్టినా నాలుగు బారలు పోయేసరికి పాయలు పాయలుగా కూడుకుంటుంది. పాయల కింద గడ్డి తడుస్తుంది, మధ్యన ఉన్నది ఎండుతుంది. అందుకే కొంత కిందుగా ఇంకొక గట్టరు తవ్వుతారు. చెదిరిన పాయలన్నిటినీ అది పట్టుకుంటుంది, మళ్ళీ సమంగా చేసి తన అంచు మీదుగా పొర్లిస్తుంది. దాని కింద మరొకటి. ఇలా పట్టుకోవడం, పరవడం, పట్టుకోవడం, పరవడం. అందుకనే ఇంగ్లీషులో ఈ పద్ధతికి క్యాచ్‌వర్క్ అని పేరు వచ్చింది. క్యాచ్ అంటే పట్టుకోవడం. క్రికెట్ ఆడే వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు.

నీరు ఎక్కడ ఎక్కువ పొర్లాలో అక్కడ గట్టరులో ఒక పచ్చికగడ్డ గాని, పలకరాయి గాని అడ్డం పెడతారు. చాలు అనుకుంటే తీసి మరొక చోట పెడతారు. అంటే మన రైతు పారతో మడవ తిప్పినట్టే. తలుపులు లేవు, తాళాలు లేవు, సిమెంటు లేదు. ఒక పార, ఒక మనిషి, చలిలో తడిసే ఓపిక.

తెలివి మరొకటి ఉంది. చాలా చోట్ల రైతు ఇల్లూ, పశువుల కొట్టమూ పచ్చికకు పైన ఉండేవి. వాగును కొట్టం పక్కగా, ఒక చిన్న గుంట మీదుగా తిప్పేవారు. పేడా, కొట్టం కడిగిన నీరూ ఆ గుంటలో కలిసి గట్టర్లలోకి పోయి, వాలంతా పరచుకునేవి. నిటారు కొండ మీద ఎరువు బండి తోలడం ఎంత కష్టమో ఆలోచించండి. ఇక్కడ ఎరువును నీళ్ళే మోసుకుపోయి, నీళ్ళే చల్లి వచ్చేవి.

అయితే నీరు నిలవ ఉండరాదు. ఇది గట్టి నియమం. నిలవ నీటిలో వేళ్ళకు గాలి అందదు. మంచి గడ్డి పోయి తుంగ పుడుతుంది. మన వరి మడికీ ఈ పచ్చికకూ ఉన్న తేడా ఇదే. శ్రీకాకుళం, పార్వతీపురం వైపు కొండల్లో సవరలు మెట్లు మెట్లుగా మళ్ళు కట్టి కొండవాగు నీళ్ళతో వరి పండిస్తారు. అక్కడ ప్రతి మెట్టూ నీటిని ఆపుతుంది. ఎక్స్‌మూర్ గట్టరు నీటిని పట్టుకున్నట్టే పట్టుకుని వదిలేస్తుంది. కొండ ఒకలాంటిదే, నీరూ ఒకటే. పైరును బట్టి పని మారింది.

గొర్రెల్ని వదలబోయే ముందు కొన్నాళ్ళు నీళ్ళు ఆపి నేల గట్టిపడనిచ్చేవారు. లేకపోతే గిట్టల కింద అంతా బురదే. కొంతకాలం మేపి, గొర్రెల్ని తోలేసి, ఆ తరవాత పచ్చికను ఎండుగడ్డికి పెంచేవారు. వేసవిలో తడి పచ్చిక మీద గొర్రెల్ని మేపడానికి భయపడేవారు కూడా. తడి నేలలో ఉండే చిన్న నత్తల వల్ల గొర్రెలకు కార్జపు జలగ పడుతుంది. మన గొర్రెల కాపరులు చెరువు లోపలి చిత్తడి గడ్డి మీదికి మందను పోనివ్వకపోవడం మీరు చూసే ఉంటారు, కారణం అదే.

ఈ విద్య ఎవరు కనిపెట్టారు? ఒక్క మనిషి పేరు చెప్పడానికి లేదు. కాని ఒక ముచ్చటైన కథ ఉంది. ఇది కట్టుకథ కాదు, ఆ మనిషే తన పుస్తకంలో రాసుకున్నాడు. ఎక్స్‌మూర్‌కు ఉత్తరంగా, సముద్రపుపాయ దాటి, వేల్స్ సరిహద్దున హెరిఫర్డ్ జిల్లా ఉంది. అందులో గోల్డెన్ వ్యాలీ, అంటే బంగారులోయ అనే చోట రోలండ్ వాన్ అనే భూస్వామి ఉండేవాడు. వసంతకాలం మొదట్లో ఒక రోజు వాగు వెంట నడుస్తుంటే గట్టున మట్టికుప్ప కనిపించింది. మోల్ అనే చిన్న జంతువు చేసిన పని అది. ఎలుకంత ఉంటుంది, కళ్ళు ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి, ఎప్పుడూ నేలలో బొరియలు తవ్వుతుంటుంది. అది గట్టుకు బొక్క పెట్టేసరికి వాగులో నుంచి సన్నని ధార పొలంలోకి పారింది. మరొకరయితే తిట్టుకుంటూ ఆ బొక్క పూడ్చి వెళ్ళిపోయేవారు. ఈయన నిలబడి చూశాడు. చుట్టూ ఇంకా పాలిపోయిన గడ్డి. ధార పారిన మేర మాత్రం ముదురుపచ్చన! ఎలుకంత జంతువు చూపిన దాన్ని పట్టుకుని ఆయన పెద్ద పెద్ద కాలవలు తవ్వించాడు. అన్నిటికన్న పెద్దదానికి రాజకాలవ అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. 1610లో పుస్తకం అచ్చువేశాడు. పచ్చికకు నీళ్ళు పెట్టడం అంతకు ముందు కూడా ఉంది గనుక ఆయనే మొదటివాడని నేను అనను. కాని మోల్ తవ్విన బొక్క ముందు ఆగి చూసినందుకు నాకు ఆయన మీద గౌరవం.

ఎక్స్‌మూర్‌లో చుట్టుపట్ల లోయల రైతులు ఈ పని చాలాకాలంగా చేస్తూనే ఉన్నారు. నడిమధ్య బీడు మాత్రం రాజుగారి అడవి. అడవి అంటే చెట్లున్నదని కాదు. రాజు వేటకోసం ఉంచుకున్న భూమి. దాన్ని 1818లో జాన్ నైట్ అనే ధనికుడు కొన్నాడు. ఆయన తరవాత కొడుకు ఫ్రెడరిక్ నైట్ దాన్ని సాగుకు తెచ్చే పని సాగించాడు. 1848లో ఆయన దగ్గర రాబర్ట్ స్మిత్ అనే అధికారి పనిలో చేరాడు. ఎమెట్స్ గ్రేంజ్ అనే చోట కాపురం పెట్టి, బీడు కొండల మీద గట్టర్లు తీయించాడు. ఏ విధంగా చేయించాడో 1851లో ఇంగ్లండు రాజ వ్యవసాయ సంఘం పత్రికలో వివరంగా రాశాడు. ఆ వ్యాసం ఉండబట్టి మనకు ఇన్ని సంగతులు తెలిశాయి.

స్మిత్ గారికి చదువూ, పత్రికా ఉన్నాయి. ఆయనకు ముందు తరతరాలుగా పార పట్టిన రైతులు ఏమీ రాయలేదు. ఏ ఊటను ఎటు తిప్పాలో తండ్రి కొడుక్కి చూపించాడు, అంతే. తరవాత రోజులు మారాయి. సీమ ఎరువులు వచ్చాయి. కూలివాళ్ళు పట్నాలకు పోయారు. ట్రాక్టరు వచ్చింది, దానికి గట్టర్లు అడ్డం. ఇరవయ్యో శతాబ్దం నడుమకు వచ్చేసరికి ఒక్కొక్క గట్టరే పూడుకుపోయింది. కొడుక్కి చూపించే తండ్రులు లేకుండా పోయారు. ఇక మిగిలిన దస్తావేజు ఒక్కటే, ఆ కొండ వాలు. దాన్ని ఒక్క ఉదయం ట్రాక్టరుతో దున్ని చదును చేస్తే మూడు వందల ఏళ్ళ రాత చెరిగిపోతుంది. కాగితమైతే నకలు తీసుకోవచ్చు. దున్నిన గట్టరుకు నకలు ఎక్కడ దొరుకుతుంది?

దున్నినవాడిని తప్పుపట్టడం తేలిక. అతనికి అది గుంటలు పడిన నేల, అంతే. అక్కడ ఏముందో ఎవరూ చెప్పకపోతే అతనికి మాత్రం ఎలా తెలుస్తుంది?

అందుకే పురావస్తు పరిశోధకులు ఆ గీతల్ని పటాలకెక్కించే పనిలో పడ్డారు. విమానం నుంచి తీసిన ఫోటోలలో, సూర్యుడు వాలి ఉన్నప్పుడో, పలచగా మంచు పడ్డప్పుడో గట్టర్లు తేటగా కనిపిస్తాయి. ఇప్పుడు లైడార్ అనే కొత్త సాధనం కూడా ఉంది. విమానంలో నుంచి నేల మీదికి లేజరు కిరణాలు విసురుతారు. ప్రతి కిరణం తగిలి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని కొలిచి, నేల ఎక్కడ ఎంత ఎత్తుందో కట్టేస్తారు. జానెడు పల్లం కూడా తప్పించుకోదు. ఆ లెక్కలతో కంప్యూటరు కొండ బొమ్మ గీస్తుంది. ఇక సాయంకాలం కోసం కాచుకుని ఉండనక్కరలేదు. బొమ్మ మీద సూర్యుణ్ణి మన ఇష్టం వచ్చిన మూల పెట్టుకోవచ్చు! ఈ విధంగా ఎక్స్‌మూర్ వాలుల మీద వందల కొద్దీ గట్టర్ల జాడ తెలిసింది.

యూరపులో కొన్ని చోట్ల ఈ విద్య ఇంకా బతికే ఉంది. స్విట్జర్లండులో వాలే అనే రాష్ట్రం పెద్ద పర్వతాల మధ్య ఉన్నందున అక్కడ వాన తక్కువ. కొండకొమ్మున మంచు కరిగిన నీటిని కొండచరియల వెంట, కొన్ని చోట్ల చెక్క దోనెల్లో, మైళ్ళ దూరం తెచ్చి పచ్చికకు పెడతారు. ఇది మనలాగే దాహం తీర్చే పని. 2023లో స్విట్జర్లండు, ఆస్ట్రియా, జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్సు, లక్సెంబర్గు, ఈ ఏడు దేశాల నీటిపారుదల సంప్రదాయాన్ని యునెస్కో మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. కాలవల్ని కాదు సుమా, వాటిని నడిపే విద్యను!

ఇక ఈ నెల పని. వాలు మీద మట్టమైన గీత గీయడం ఎలాగో మీరే చేసి చూడండి. ఒకటిన్నర మీటరు పొడుగున్న రెండు వెదురుకర్రలు సమానంగా కోసుకోండి. కోసేటప్పుడు పెద్దవాళ్ళు దగ్గరుండాలి. వాటి తలలు కలిపి కట్టి, కాళ్ళు ఎడంగా చాపి, నడుమ ఒక అడ్డకర్ర కట్టండి. ఇంగ్లీషు ఏ అక్షరంలాగా ఉంటుంది. మన అనంతపురం వైపు పొలాల్లో వాలుకు అడ్డంగా గట్లు వేసేటప్పుడు కూడా దీనినే వాడతారు. పై ముడి నుంచి దారం వేలాడదీసి, కొసన ఒక రాయి కట్టండి. రాయి అడ్డకర్రకు దిగువగా వేలాడాలి. చట్రాన్ని నేల మీద నిలబెట్టి, కాళ్ళున్న చోట గుర్తులు పెట్టుకుని, దారం అడ్డకర్రను తాకిన చోట గీత పెట్టండి. తరవాత కాళ్ళు అటుదిటూ ఇటుదటూ మార్చి అవే గుర్తుల మీద నిలబెట్టి, మళ్ళీ గీత పెట్టండి. ఈ రెండు గీతలకూ సరిగ్గా నడిమి చోటే మట్టం.

ఇప్పుడు బడి దగ్గర ఇసకదిబ్బ గాని, చెరువుకట్ట అడుగున మెత్తని వాలు గాని చూసుకోండి. ఒక కాలు కదలనీయకుండా ఉంచి, దారం మట్టం గుర్తు మీదికి వచ్చేదాకా రెండో కాలును పైకీ కిందికీ జరపండి. వచ్చిన చోట ఒక పుల్ల గుచ్చండి. అక్కడ నుంచి మళ్ళీ అలాగే. పది పుల్లలు గుచ్చాక, పుల్లల వెంట నాలుగు వేళ్ళ వెడల్పున కాలవ తీసి, ఒక కొసన చెంబుతో నెమ్మదిగా నీళ్ళు పోయండి. అంచు పొడుగునా ఒక్కసారే పొర్లితే మీ గీత సరిగ్గా వచ్చినట్టు. ఒక్క చోటే ముందుగా పొర్లితే అక్కడ మట్టం తప్పిందన్న మాట. ఆ పుల్లను వేలెడు పైకి జరిపి మళ్ళీ పోసి చూడండి.